వేళ్ల దగ్గర తడి ఎంతుంది? ఉపగ్రహ సమాచారంతో అంచనా వేసే పద్ధతి

ఆగస్టు నెల. వాన పడి పన్నెండు రోజులైంది. ఎర్రనేలలో వేరుశనగ ఊడలు దించుతోంది. చాళ్ల మధ్య నడిస్తే కాలికింద దుమ్ము లేస్తోంది. పొద్దున చూస్తే ఆకు నిగనిగలాడుతోంది, మధ్యాహ్నం రెండింటికి చూస్తే రెబ్బలు ముడుచుకుని ఉంటున్నాయి. బోరులో ఉన్న కాసిని నీళ్లు స్ప్రింక్లర్లతో ఇప్పుడే పెట్టేయాలా, ఇంకో నాలుగు రోజులు వాన కోసం చూడొచ్చా? అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఖరీఫ్‌లో ఏదో ఒక బెట్ట సమయంలో ఈ ప్రశ్న రాక తప్పదు. జవాబు పైమట్టిలో దొరకదు. జానెడు నుంచి రెండు జానల లోతులో, వేళ్లు నీళ్లు తాగే చోట దొరుకుతుంది.

ఆ లోతులో తడిని ఉచితంగా దొరికే ఉపగ్రహ సమాచారంతో, ఒక ఎక్సెల్ షీటుతో, ఒక గడ్డపారతో ఎలా అంచనా వేయాలో చెబుతాను. రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో పనిచేసేవాళ్లు, వ్యవసాయ విద్యార్థులు, కాస్త కంప్యూటర్ తెలిసిన రైతులు ఎవరైనా చేయగలిగిన పనే. గడ్డపార మాట ఊరికే అనలేదు. అది లేకుండా మిగతా రెండూ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

ముందుగా: ఉపగ్రహానికి ఏం కనిపిస్తుంది

ఉపగ్రహానికి వేళ్లు కనిపించవు. మైక్రోవేవ్ ఉపగ్రహం నేల పైనున్న సుమారు 5 సెంటీమీటర్ల మందం వరకే తడిని పసిగడుతుంది. పొడి మట్టికీ నీటికీ విద్యుత్ గుణంలో చాలా తేడా ఉంది: డైఎలక్ట్రిక్ విలువ పొడి మట్టికి 3, 4 ఉంటే నీటికి 80 దాకా ఉంటుంది. మట్టిలో కొద్దిగా నీళ్లు కలిసినా నేల నుంచి వచ్చే సంకేతం మారిపోయేది ఇందుకే. మబ్బు పట్టినా ఈ తరంగాలు దూసుకొస్తాయి కాబట్టి వానాకాలంలో మనకు పనికొచ్చేవి ఇవే.

2015 జనవరి 31న నాసా పంపిన స్మాప్ ఉపగ్రహం ఈ పనికోసమే పుట్టింది. 1.41 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో నేల సహజంగా వెలువరించే సంకేతాన్ని వింటుంది. ఉదయం 6, సాయంత్రం 6 ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. ఒకే చోటును రెండు మూడు రోజులకోసారి చూస్తుంది. అంతకుముందు 2009లో యూరప్ వాళ్లు పంపిన స్మాస్ కూడా ఇలాంటిదే.

ఈ 5 సెంటీమీటర్ల సంగతి పుస్తకంలో చదివి కూడా నేను మొదట్లో ఒక పొరపాటు చేశాను. పైపొర విలువ బాగా పడిపోయిందని చూసి, నేల ఎండిపోయింది, వెంటనే తడి పెట్టండని ఒక ఊళ్లో చెప్పాను. ఒక పెద్దాయన ఏమీ అనకుండా గడ్డపార తెచ్చి చాలు పక్కన రెండు పోట్లు వేశాడు. కింది మట్టి తీసి నా అరచేతిలో పెట్టి, "పైన ఎండితే ఎండినట్లేనా సార్, పట్టి చూడండి" అన్నాడు. పిడికిలి బిగిస్తే మట్టి ఉండ కట్టింది, వేళ్లకు చల్లగా తగిలింది. ఆ రోజు నీళ్లు పెట్టినవాళ్లకు పెట్టుబడి దండగైంది, బోరులో నీళ్లూ తగ్గాయి. పైపొర అంకె చూసి వేళ్ల గురించి తీర్పు చెప్పడం అప్పటితో మానేశాను.

మరి 5 సెంటీమీటర్ల నుంచి 60 సెంటీమీటర్ల సంగతి ఎలా తెలుస్తుంది? కాలాన్ని బట్టి. పైన పడ్డ నీళ్లు నెమ్మదిగా కిందికి దిగుతాయి. పైపొర నిన్నా మొన్నా, పది రోజుల కిందటా ఎంత తడిగా ఉందో వరుసగా తెలిస్తే ఇవాళ కింద ఎంత ఉండొచ్చో లెక్క కట్టొచ్చు. పద్ధతి మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడింది.

మొదటి పని: మీ నేలను తవ్వి తెలుసుకోండి

చాలామంది ఈ పనిని చివరికి వదిలేస్తారు. మీరు దీనితోనే మొదలుపెట్టండి.

చేలో రెండు మూడు చోట్ల గుంత తవ్వండి. వేళ్లు ఎంత లోతు దాకా వెళ్లాయో కళ్లతో చూడండి. వేరుశనగ వేళ్లు అర మీటరు నుంచి మీటరు దాకా వెళ్తాయని పుస్తకాలు చెబుతాయి. మన ఎర్రనేలల్లో చాలాచోట్ల 40 సెంటీమీటర్లకే గరుసు గానీ రాతి పొర గానీ తగులుతుంది, వేళ్లు అక్కడితో ఆగి పక్కలకు తిరుగుతాయి. మీ లెక్కకు లోతు అదే. ఈ ఉదాహరణలో 60 సెంటీమీటర్లు అనుకుందాం.

తర్వాత ఆ లోతులో నేల ఎంత నీటిని పట్టుకుంటుందో తెలియాలి. రెండు హద్దులున్నాయి. మంచి వాన పడి, అదనపు నీళ్లు కిందికి జారిపోయాక రెండు రోజులకు మట్టిలో మిగిలే తడి పై హద్దు, దీన్నే ఫీల్డ్ కెపాసిటీ అంటారు. మొక్క వాడిపోయి రాత్రి గడిచినా తేరుకోలేని స్థితిలో మట్టిలో మిగిలిన తడి కింది హద్దు, అది విల్టింగ్ పాయింట్. ఈ రెండింటి మధ్య ఉన్న నీళ్లే మొక్కవి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలకు నేను ఇక్కడ 19 శాతం, 7 శాతం తీసుకుంటున్నాను (ఘనపరిమాణంలో). తేడా 12 శాతం. 600 మిల్లీమీటర్ల లోతుకు 12 శాతమంటే 72 మిల్లీమీటర్ల నీళ్లు. వేరుశనగకు అందే సంచి మొత్తం అంతే. లోతు 40 సెంటీమీటర్లే అయితే సంచి 48 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మట్టిలో ఐదో వంతు గులకరాళ్లుంటే, 60 సెంటీమీటర్ల లోతున్నా 58 మిల్లీమీటర్లే మిగులుతుంది, ఎందుకంటే రాయి నీళ్లు పట్టదు.

తడిని కొలిచే పద్ధతి సులువు. 0 నుంచి 15, 15 నుంచి 30, 30 నుంచి 60 సెంటీమీటర్ల లోతుల నుంచి విడివిడిగా మట్టి తీసి, వెంటనే జిప్ కవర్లో వేసి గాలి తగలకుండా మూసేయండి. ఇంటికొచ్చాక చూద్దాంలే అని సంచిలో వేసుకుంటే దారిలోనే సగం తడి పోతుంది. గ్రాము దాకా చూపించే తక్కెడ మీద తూచండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచండి. ఓవెన్ లేకపోతే ఇనప పెనం మీద సన్న మంటపై కలుపుతూ, వరుసగా రెండుసార్లు తూచినా బరువు మారనంతవరకు ఆరనివ్వండి. ఎండలో ఆరబెడితే చాలదు, కొంత తేమ మట్టిలో ఉండిపోతుంది.

ఉదాహరణకు తడి మట్టి 412 గ్రాములు, ఆరాక 374. పోయిన నీళ్లు 38 గ్రాములు. 38ని 374తో భాగిస్తే 10.2 శాతం. ఇది బరువు లెక్క. ఉపగ్రహం చెప్పేది ఘనపరిమాణం లెక్క. రెండింటినీ నేరుగా పోల్చడం ఈ పనిలో కొత్తగా దిగినవాళ్లంతా చేసే తప్పు. ఒకదాన్నించి ఇంకోదానికి రావాలంటే మట్టి సాంద్రత కావాలి. లోపలి వ్యాసం 7 సెంటీమీటర్లు, ఎత్తు 7 సెంటీమీటర్లు ఉన్న ఇనప గొట్టం ముక్కను కదలని మట్టిలోకి దిగగొట్టి, రెండు అంచులూ కత్తితో సమంగా కోసి, ఆ మట్టిని ఆరబెట్టి తూచండి. గొట్టం పరిమాణం 269 ఘన సెంటీమీటర్లు. పొడి మట్టి 404 గ్రాములు వస్తే సాంద్రత 1.5. ఇప్పుడు 10.2ను 1.5తో గుణిస్తే ఘనపరిమాణంలో తడి 15.3 శాతం.

వాన తెరిపిచ్చిన రెండు రోజులకు ఒకసారి, పంట బాగా వాడినప్పుడు ఒకసారి ఇలా కొలిస్తే మీ చేను హద్దులు మీ చేతికొస్తాయి. పుస్తకంలో అంకెల కన్నా అవి ఎంతో నమ్మకమైనవి.

రెండో పని: సిద్ధంగా ఉన్న వేళ్లలోతు సమాచారం తెచ్చుకోండి

స్మాప్ సమాచారంలో నాలుగో స్థాయి అని ఒక ఉత్పత్తి ఉంది. పేరు ఎస్‌పీఎల్4ఎస్ఎమ్‌జీపీ. ఇందులో పైపొర (0 నుంచి 5 సెంటీమీటర్లు), వేళ్లలోతు (0 నుంచి 100 సెంటీమీటర్లు) తడి రెండూ 9 కిలోమీటర్ల గడుల్లో, మూడు గంటలకోసారి దొరుకుతాయి. కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు. నాసా ఎర్త్‌డేటాలో ఉచిత ఖాతా తెరిచి, యాప్ఇయర్స్ అనే వెబ్‌సైటులో పాయింట్ శాంపిల్ ఎంచుకుని, మీ చేను అక్షాంశ రేఖాంశాలు, తేదీలు ఇస్తే ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు పంపిస్తుంది. కోడింగ్ వచ్చినవాళ్లు గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో తీసుకోవచ్చు. 2015 మార్చి 31 నుంచి ఇవాళ్టి దాకా దొరికినంతా తీసుకోండి, ఈ ఏడాదిది ఒక్కటే చాలదు. సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. ఎక్కడైనా -9999 కనిపిస్తే అది కొలత కాదు, ఖాళీ. దాన్ని తీసేయకుండా సగటు కడితే అంతా తలకిందులవుతుంది.

ఈ అంకెల వెనుక ఏముందో తెలుసుకుని వాడండి. ఇది నేరుగా కొలిచింది కాదు. వాన, ఎండ, గాలి తీసుకుని నేలలో నీటి కదలికను లెక్కగట్టే ఒక కంప్యూటర్ నమూనా ముందు నడుస్తుంది. స్మాప్ చూసిన సంకేతంతో దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దుతారు. మీరు బోరు పెట్టి చేను తడిపిన సంగతి ఆ నమూనాకు తెలియదు. పైగా 9 కిలోమీటర్ల గడి అంటే 81 చదరపు కిలోమీటర్లు, సుమారు 20,000 ఎకరాలు. అందులో మీ చేనుతో పాటు గుట్ట, చెరువు, చెరువు కింద వరి మడి, బీడు అన్నీ కలిసి ఉంటాయి. చెరువు నిండుగా ఉంటే గడి మొత్తం తడిగా కనిపిస్తుంది.

కచ్చితత్వం సంగతి కూడా చూడండి. స్మాప్ పెట్టుకున్న లక్ష్యం 0.04, అంటే ఘనపరిమాణంలో 4 శాతం పొరపాటు. వినడానికి చిన్నదే. 600 మిల్లీమీటర్ల లోతుకు అది 24 మిల్లీమీటర్లు, మన 72లో మూడో వంతు! కాబట్టి "ఇవాళ నా చేలో ఇన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి" అని ఈ అంకెను ముఖవిలువకు తీసుకోవద్దు.

మరి దేనికి పనికొస్తుంది? పోలికకు. ఈ ఏడాది ఆగస్టు రెండో వారం విలువను 2015 నుంచి ప్రతి ఏడాది అదే వారం విలువల పక్కన పెట్టి, తక్కువ నుంచి ఎక్కువకు వరుస కట్టండి. మనది అడుగు నుంచి రెండోదో మూడోదో అయితే మండలమంతా బెట్ట ముదురుతోందని ధైర్యంగా చెప్పొచ్చు. నమూనాలో ఎప్పుడూ ఒకే వైపుకు ఉండే పొరపాటు ఈ పోలికలో చాలావరకు కొట్టుకుపోతుంది. మండల స్థాయి హెచ్చరికకు ఇంతవరకు సరిపోతుంది. ఒక చేనుకు నీళ్లు పెట్టాలా వద్దా అన్నది తేల్చాలంటే ఇంకో అడుగు వేయాలి.

మూడో పని: మీ లోతుకు మీరే లెక్క కట్టండి

1999లో వాగ్నర్ బృందం ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్ అంటారు. పేరు బరువుగా ఉన్నా చేసేది కూడికలు, గుణకారాలే. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

పైపొర విలువలు ముందు తెచ్చుకోండి. స్మాప్ మూడో స్థాయి మెరుగుపరచిన ఉత్పత్తి కూడా యాప్ఇయర్స్‌లోనే దొరుకుతుంది. నాణ్యత సూచిక బాగాలేని రోజులు తీసేయండి. అన్నేళ్ల విలువల్లో కనిష్ఠం, గరిష్ఠం చూడండి. కనిష్ఠం 0.04, గరిష్ఠం 0.29 అనుకుందాం. ఇవాళ్టి విలువ 0.14 అయితే, 0.14లో 0.04 తీసేసి, వచ్చిన 0.10ని 0.25తో భాగించండి: 0.40. ఇలా ప్రతి విలువనూ 0 నుంచి 1 మధ్యకు తెచ్చుకోవాలి. 0 అంటే పూర్తిగా ఎండినట్లు, 1 అంటే పూర్తిగా తడిసినట్లు.

ఇప్పుడు కింది తడి అంచనా. సూత్రం ఇది:

కొత్త అంచనా = పాత అంచనా + క × (ఇవాళ్టి పైపొర − పాత అంచనా)

ఇక్కడ "క" అంటే పైపొర వార్తను కింది పొర ఎంత వేగంగా నమ్ముతుందో చెప్పే అంకె. దాన్ని "ట" అనే రోజుల సంఖ్య నిర్ణయిస్తుంది. నీళ్లు కిందికి దిగడానికి పట్టే కాలం అనుకోండి. లోతు తక్కువైతే, ఇసుక నేలైతే ట చిన్నది. లోతు పెరిగేకొద్దీ, బరువు నేలైతే పెద్దది. రెండు పరిశీలనల మధ్య రోజులను ట తో భాగించి, రుణ గుర్తు పెట్టి, ఎక్సెల్‌లో ఈఎక్స్‌పీ ఫంక్షన్‌కు ఇవ్వండి. పాత క ను, పాత క కూ ఆ విలువకూ కలిపిన మొత్తంతో భాగిస్తే కొత్త క వస్తుంది. మొదటి రోజు క ను 1గా పెట్టి మొదలుపెట్టండి. మొదటి నెల అంచనాలు వాడొద్దు, లెక్క కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అందుకే విత్తడానికి రెండు మూడు నెలల ముందు నుంచి నడపాలి. మధ్యలో ఉపగ్రహం ఒక రోజు తప్పినా ఇబ్బంది లేదు, రోజుల తేడాను సూత్రమే చూసుకుంటుంది.

ట = 10 రోజులు, మూడు రోజులకోసారి పరిశీలన అనుకుంటే క నెమ్మదిగా 0.26 దగ్గర నిలబడుతుంది. పాత అంచనా 0.50 ఉండగా మంచి వాన పడిందనుకుందాం. వాన పడిన రోజు పైపొర 0.95, మూడో రోజు 0.70, ఆరో రోజు 0.40, తొమ్మిదో రోజు 0.20, పన్నెండో రోజు 0.12. లెక్క కట్టి చూడండి, కింది అంచనా వరుసగా 0.62, 0.64, 0.58, 0.48, 0.39 వస్తుంది.

ఈ వరుసను ఒకసారి తీరిగ్గా చూడండి. పైపొర వాన రోజే శిఖరానికి వెళ్లి పడిపోయింది. కింది పొర మూడో రోజుకు గానీ శిఖరం చేరలేదు. పన్నెండో రోజున పైన 0.12 అంటే దుమ్ము. కింద ఇంకా 0.39 ఉంది. ఆ పెద్దాయన నా అరచేతిలో పెట్టిన మట్టి ఇదే.

మిల్లీమీటర్లు కావాలంటే మీ సంచితో గుణించండి. 0.58 అంటే 72లో 42 మిల్లీమీటర్లు. 0.39 అంటే 28. వేరుశనగకు సంచిలో సగం, అంటే 36 మిల్లీమీటర్లు తగ్గాక ఒత్తిడి మొదలవుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 56వ పత్రం లెక్క. పత్తికి 65 శాతం వాడుకున్నదాకా ఫరవాలేదు. ఈ లెక్కన మన చేను ఆరో రోజుకూ తొమ్మిదో రోజుకూ మధ్య గీత దాటింది.

నాలుగో పని: వేళ్లు తాగే నీటితో సరిచూడండి

ఫిల్టర్‌కు ఒక పెద్ద లోపం ఉంది. చేలో పంట ఉందో లేదో దానికి తెలియదు. బీడులో నీళ్లు ఎలా ఆరతాయో, నిండా కమ్ముకున్న వేరుశనగ చేలోనూ అలాగే ఆరతాయనుకుంటుంది. నిజానికి నిండు చేను కింది నుంచి తోడేస్తుంది.

అందుకని పక్కన ఒక నీటి జమాఖర్చు నడపండి. ఆగస్టులో రోజుకు 5 మిల్లీమీటర్ల ఆవిరి డిమాండ్ (ఎండ, గాలి కలిసి లాగేసే నీరు) ఉందనుకుంటే, నిండు దశలో వేరుశనగ దాన్ని 1.15 రెట్లు తాగుతుంది. విత్తిన కొత్తలో ఆ గుణకం 0.40, కోతకొచ్చేసరికి 0.60. మన చేను నిండు దశలో ఉంది కాబట్టి ఖర్చు రోజుకు 5.75 మిల్లీమీటర్లు. ఆరో రోజు 42 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి రోజూ తీసేస్తూ, 36 కిందికి పోయాక మొక్క తాగడం కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తూ వస్తే పన్నెండో రోజుకు 15 మిల్లీమీటర్లే మిగులుతాయి.

ఫిల్టర్ 28 అంటోంది. జమాఖర్చు 15 అంటోంది. ఎవరిని నమ్మాలి?

గడ్డపారను. ఆ రోజు పొద్దున్నే చేలో మూడు చోట్ల తవ్వి, మొదటి పనిలో చెప్పినట్లు తూచండి. సగటు తడి 10 శాతం వచ్చిందనుకోండి. దానిలోంచి కింది హద్దు 7 తీసేస్తే 3 శాతం, 600 మిల్లీమీటర్లకు 18 మిల్లీమీటర్లు. జమాఖర్చే నిజానికి దగ్గరగా ఉంది. అంటే ఈ దశలో ఈ చేనుకు ట = 10 ఎక్కువ. 5 పెట్టి అదే లెక్క మళ్లీ కట్టండి. క 0.45 అవుతుంది, వరుస 0.70, 0.70, 0.57, 0.40, 0.27. చివరిది 72లో 20 మిల్లీమీటర్లు. ఇప్పుడు తవ్విన మట్టితో కుదిరింది. ఒక సీజన్‌లో నాలుగైదుసార్లు ఇలా తవ్వి, ఏ ట కు పొరపాటు తక్కువ వస్తుందో చూసుకుంటే వచ్చే ఏడాదికి మీ నేలకు, మీ పంటకు సరిపోయే ట మీ దగ్గర ఉంటుంది. 5, 10, 15, 20, 30 వరుసగా ప్రయత్నించండి. పంట కమ్మకముందు ఒకటి, కమ్మాక ఒకటి పెట్టుకున్నా తప్పులేదు.

నీటి జమాఖర్చుకు కావలసిన వాన లెక్క మీ చేలోని వానమానినిది అయితే మేలు. లేకపోతే మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రానిది తీసుకోండి. సీమలో వాన ఒక ఊళ్లో కురిసి పక్క ఊళ్లో చినుకు రాల్చదని మీకు చెప్పక్కర్లేదు.

గడిని చిన్నది చేసుకోవాలంటే

9 కిలోమీటర్ల గడితో తృప్తి లేనివాళ్లకు దారులున్నాయి. 2022 ఫిబ్రవరి 14న ఇస్రో పంపిన ఈఓఎస్-04 రాడార్ నుంచి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) 500 మీటర్ల గడిలో నేల తడి సమాచారం తయారుచేస్తోంది, ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైటులో చూడండి. యూరప్ వాళ్ల సెంటినల్-1 రాడార్ ఇంకా నిశితం. అయితే దాని తరంగం 5.6 సెంటీమీటర్లే, పంట కమ్ముకుంటే ఆకుల్లోనే చిక్కుకుంటుంది. విత్తిన తర్వాత నెల లోపు నమ్మొచ్చు. ఆ తర్వాత కనిపించే మార్పులో ఎంత నేలదో ఎంత ఆకుదో తేల్చడం కష్టం. ఇంకో చిక్కు: దుక్కి దున్నిన మర్నాడు గరుకు పెరిగి సంకేతం ఎగబాకుతుంది, వాన పడినట్లే ఉంటుంది. దున్నిన తేదీ రాసిపెట్టుకోండి.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నిసార్‌లో ఎల్-బ్యాండ్ రాడార్ తరంగం 24 సెంటీమీటర్లు, ఆకులను మరింత బాగా దాటుతుంది. ప్రతి 12 రోజులకోసారి అదే దారిలో తిరిగొస్తుంది. చేను స్థాయి తడికి నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీనిమీదే. 12 రోజుల విరామం మాత్రం మన ఎర్రనేలకు పెద్దదే. ఆ మధ్యలోనే చేను నిండి, ఎండిపోగలదు. కాబట్టి స్మాప్ వరుసను మానకుండా, నిసార్‌తో మీ చేను గడి సగటు కన్నా తడిదా పొడిదా అన్న తేడాను మాత్రం తీసుకోండి.

ఆకు వేడి కూడా ఒక సాక్షి. వేళ్లకు నీళ్లు అందకపోతే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, చెమట పట్టని ఒంటిలాగా ఆకు వేడెక్కుతుంది. ల్యాండ్‌శాట్ 8, 9 రెండూ కలిపి 8 రోజులకోసారి ఈ వేడిని చూస్తాయి. వేళ్ల సంగతి నేరుగా చెప్పే ఉపగ్రహ సంకేతం ఇదొక్కటే అనొచ్చు. ఆగస్టులో మబ్బు లేని రోజు దొరకడమే అరుదు, దొరికితే వదలొద్దు. పచ్చదనం సూచిక ఎన్‌డీవీఐని మాత్రం బెట్ట హెచ్చరికకు నమ్ముకోవద్దు. అది పడిపోయేసరికి దిగుబడి ఎప్పుడో దెబ్బతిని ఉంటుంది.

ఈ లెక్క పనిచేయని చోట్లు

కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో రబీ శనగ వేసేవాళ్లు ఈ ఫిల్టర్‌ను వాడొద్దని గట్టిగా చెబుతాను. ఆ శనగ బతికేది వానాకాలంలో నేల దాచుకున్న నీటిమీద. పైన నాలుగు వేళ్ల మందం ఎండి పొడి కట్టాక, కింది తడికీ పైపొరకూ సంబంధం తెగిపోతుంది. పైపొర వారాల తరబడి సున్నా దగ్గరే ఉంటుంది, ఫిల్టర్ కింద కూడా సున్నాకు దిగిపోతుంది, శనగ మాత్రం కింది నుంచి తాగుతూ పచ్చగా పూస్తుంది. నేల బీటలు వారితే ఇంకో తంటా: వాన బీటల్లోంచి నేరుగా లోతుకు జారిపోతుంది, పైపొరలో ఆ జాడ ఉండదు. అక్కడ చేయాల్సింది, విత్తే రోజు మీటరు లోతు దాకా తవ్వి తడి కొలిచి, అక్కడి నుంచి నాలుగో పనిలో చెప్పిన జమాఖర్చు ఒక్కటే నడపడం. నీళ్లు నిలిపే వరి మడికి ఈ లెక్కతో పనిలేదు.

తేలిన అంకెను రైతుకు చెప్పేటప్పుడు

0.27 అని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "వేళ్ల దగ్గర నాలుగో వంతు నీళ్లే మిగిలాయి, ఊడలు దిగే దశ కాబట్టి ఆగొద్దు" అని చెప్పండి. ఎంత పెట్టాలో కూడా చెప్పాలి. ఎకరానికి 10 మిల్లీమీటర్లంటే 40,000 లీటర్లకు కాస్త పైన. బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో డ్రమ్ము పెట్టి చూసుకుంటే, 20 మిల్లీమీటర్ల రక్షక తడికి స్ప్రింక్లర్లు ఎన్ని గంటలు నడవాలో అక్కడికక్కడే లెక్క తేలుతుంది. వాతావరణ శాఖ రెండు మూడు రోజుల్లో వాన సూచిస్తే, మిగిలిన నీళ్లు అన్నాళ్లు సరిపోతాయో లేదో రోజువారీ 5.75తో తీసేసి చూడండి. పన్నెండో రోజు 20 మిల్లీమీటర్లున్న మన చేను అంత ఓపిక పట్టే స్థితిలో లేదు. ఎనిమిదో రోజే పెట్టాల్సింది.

చెప్పిన ప్రతి మాటనూ నోటు పుస్తకంలో ఒక వరుసలో రాయండి: తేదీ, పైపొర విలువ, ఫిల్టర్ అంచనా, జమాఖర్చు, తవ్వితే వచ్చిన తడి, పంట దశ, పెట్టిన తడి. తవ్విన గుంతను అదే వరుసలో, కింది మట్టి కిందికీ పై మట్టి పైకీ వచ్చేలా పూడ్చి, కాలితో అదిమి, మళ్లీ అదే చోట తవ్వకుండా పక్కన ఒక పుల్ల గుచ్చి రండి.